విన్నపమునకు ముద్ర

మన శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టునకు తెల్లవారుజామున గూళ్ళు తెచ్చు రైతుల పిల్లలు మా తరగతిలో ఏటేట కొందఱుందురు. వేలము సంగతి వారికి మేము చెప్పనక్కఱలేదు. వారే మాకు చెప్పుదురు. రైతు తెచ్చిన గూళ్ళకొక లాటు సంఖ్య నిత్తురు. రీలర్లు గూళ్ళను చేతబట్టి చూచి ధర పాడుదురు. పూర్వము నోటితో సాగిన ఆ పాట నేడు మొబైల్ ఫోనులో సాగుచున్నది. నోటితో నైనను, ఫోనుతో నైనను, ధర చెప్పుటకు ఎల్లరికిని హక్కు లేదు. 1959వ సంవత్సరపు పట్టుగూళ్ళ చట్టము ననుసరించి రీలరునకు లైసెన్సు ఉండవలెను.

నోటి వేలములో ఈ నియమమును పాటించుట తేలిక. అధికారి రీలర్ల ముఖముల నెఱిగియుండును. క్రొత్తవాడు వచ్చినచో లైసెన్సు చూపుమనును. యంత్రమునకు ముఖములు తెలియవు. దానికి చేరునది అక్షరముల వరుస మాత్రమే. ఆ అక్షరములు లైసెన్సుగల రీలరు పంపినవా, లేక వేఱొకడు ఆయన పేరు పెట్టి పంపినవా యని యంత్రము ఎట్లు నిర్ణయించును? ఈ ప్రశ్నకు ముఖ్యముగా రెండు విధములైన జవాబులు వాడుకలో నున్నవి. మొదటిది, తాళపుచెవిని చూపుట. రెండవది, తాళపుచెవిని చూపకుండ దానితో ముద్ర వేయుట. ఈ రెంటికిని గల భేదమును విద్యార్థులకు తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. తల్లిదండ్రులు కూడ దీనిని చదువవలెనని మా కోరిక. ఏలయన రేషను దుకాణములో బొటనవ్రేలు మోపునపుడు వారును ఇట్టి విన్నపములో భాగస్థులే.

తాళపుచెవి యన్నచో మన పిల్లలు కొందఱు నవ్వుదురు. ఈ ప్రాంతమున మనము బీగపుచెవి యందుము. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయశిక్షణ పొందిన నాళ్ళలో బీగమన్నందుకు తోడివారు మమ్ము నవ్విరి. ఇచటికి వచ్చి తాళమన్నందుకు మా విద్యార్థులు నవ్విరి. తెలుగువాడు దానిని బీగమునకు చెవి యనగా, కన్నడిగుడు బీగద కై, అనగా బీగమునకు చేయి యనుచున్నాడు. కంప్యూటరు పనిలో ఈ తగవు లేదు. అందఱును కీ అనియే యనుచున్నారు. మేమును అట్లే యందుము.

ఏపీఐ అనునది ఒక యంత్రము మఱియొక యంత్రమును ప్రశ్న అడుగుటకు ఏర్పఱచిన కిటికీ. తాలూకా కచేరీలో ఒక కిటికీయొద్ద పహణీ నిత్తురు. అచట పింఛను సంగతి అడిగిన ప్రయోజనము లేదు. దరఖాస్తును వారు చెప్పిన నమూనాలోనే వ్రాయవలెను. ఏపీఐ యును అట్టిదే. ప్రశ్న యే రూపమున నుండవలెనో, జవాబు ఏ రూపమున వచ్చునో ముందుగనే నిర్ణయింపబడియుండును. ప్రశ్నను విన్నపమందుము, జవాబిచ్చు యంత్రమును సర్వరందుము.

ఇక మా బడిలో జరిగిన సంగతి. తొమ్మిదవ తరగతి పిల్లలు వరండాలోని నల్లబల్లమీద ప్రతి ఉదయమును టమాట ధర వ్రాయవలెనని సంకల్పించిరి. వారిలో సగముమంది యిండ్లలో టమాట తోటలున్నవి. చింతామణికి పంపిన మేలా, కోలారునకు పంపిన మేలా యను చర్చ రాత్రి భోజనమువేళ జరుగు ఇండ్లవి. భారత ప్రభుత్వము 2012లో నెలకొల్పిన డేటా డాట్ గవ్ డాట్ ఇన్ అను వెబ్‌సైటులో దేశమందలి మార్కెట్ల దినసరి ధరలను ఏపీఐ ద్వారా ఇచ్చుచున్నారు. ఒక్కొక్క వరుసలో రాష్ట్రము, జిల్లా, మార్కెట్టు, సరకు, తేది, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర ఉండును. ఎక్కువ సరకు ఏ ధరకు అమ్ముడైనదో అది మోడల్ ధర. అన్నియు క్వింటాలు లెక్క. మన రైతులకు పెట్టె లెక్క కావలెను గదా. క్వింటాలు 1,800 రూపాయలైనచో 15 కిలోల పెట్టె 270 రూపాయలగునని పిల్లలే లెక్కకట్టి వ్రాసిరి.

ఈ కిటికీయొద్ద విన్నపముతో పాటు ఒక కీని పంపవలెను. విన్నపపు చిరునామా చివర ప్రశ్నార్థక చిహ్నముంచి, ఏపీఐ-కీ అని వ్రాసి, సమచిహ్నము తరువాత ఆ పొడవైన అక్షరమాలను చేర్చవలెను. ప్రయోగించి చూచువారి కొఱకు ఆ వెబ్‌సైటువారు అందఱికిని ఒకే నమూనా కీని బహిరంగముగా ఇచ్చియున్నారు. మా పిల్లలు దానితోనే మొదలుపెట్టిరి. జవాబు వచ్చినది; కాని పది వరుసలే వచ్చినవి. దేశమంతటి ధరలలో ఆ పదింటిలో చింతామణి లేదు, కోలారును లేదు. మార్కెట్టునకు సెలవు కాబోలునని వారు రెండు దినములు ఊరకుండిరి. నమూనా కీకి పది వరుసలకు మించి ఇయ్యరని మూడవనాడు తెలిసినది. పేరు నమోదు చేసికొని, బడి పక్షమున సొంత కీని పొందినమీదటనే పూర్తి పట్టిక వచ్చినది.

ఇందు గమనింపవలసిన దేమనగా, కీ తలుపు తెఱచుట మాత్రమే గాక, వచ్చినవానికి ఎంతవఱకు ఇయ్యవచ్చునో కూడ నిర్ణయించును.

సొంత కీ వచ్చిన తరువాత మఱియొక చిక్కు వచ్చినది. చింతామణి పేరును ఆంగ్లములో ఒక బాలుడు 'త' తరువాత 'హెచ్' చేర్చి వ్రాసెను. వరుసలు సున్న. కీ చెడిపోయినదని వారు భయపడిరి. కీ చెడిన సర్వరు ఆ మాటనే చెప్పును. ఇచట జవాబు చక్కగానే వచ్చినది, అందులో సరకు లేదు, అంతే. మూడు లిపుల నడుమ పెరుగు మన పిల్లలకు ఊరి పేరు ఒక్కొక్క కాగితముమీద ఒక్కొక్క విధముగా నుండుట అలవాటే. యంత్రము ఆ అలవాటును మన్నింపదు. ఈ సంగతి ముద్ర ప్రస్తావనలో మరల వచ్చును.

ధరతో పాటు వానసూచన కూడ వ్రాసిన బాగుండునని తోచి, పిల్లలు వానసూచన నిచ్చు ఒక సంస్థయొద్ద ఇంకొక కీని ఉచితముగా పొందిరి. దినమునకు ఇన్నియే విన్నపములు అని ఆ కీకి పరిమితి గలదు. తరువాత విజ్ఞానప్రదర్శన వచ్చినది. తమ ప్రోగ్రామును చూపవలెనను ఉత్సాహముతో వారు దానిని పెద్ద చార్టుమీద రంగుల పెన్నులతో, ఒక్క అక్షరము విడువక, అందముగా వ్రాసి గోడకు తగిలించిరి. కీని ఎఱ్ఱసిరాతో వ్రాసిరి! వచ్చినవారెల్లరు మెచ్చుకొని ఫోటోలు తీసికొనిరి. మేమును తీసికొంటిమి. తప్పు మాకును తట్టలేదు.

వారము తిరుగకముందే ఒకనాటి ఉదయము వానసూచన రాలేదు. సర్వరు 429 అను సంఖ్యను పంపెను. ఇట్టి సంఖ్యలు మూడింటిని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. 401 అనగా నీ వెవడవో నాకు తెలియలేదని యర్థము. 403 అనగా నీకు ఈ పనికి అనుమతి లేదని యర్థము. 429 అనగా నీ వంతునకు మించి అడిగితివని యర్థము. మా పిల్లలు ఆ దినమున ఒక్కసారియైన అడుగకముందే వంతు తీఱిపోయెను. చార్టు ఫోటో ఏ ఫోనునుండి ఏ ఫోనునకు పోయెనో, ఎవరు ఆ కీని తమ ప్రోగ్రాములో పెట్టుకొనిరో నేటికిని తెలియదు. సర్వరు పక్షమున తప్పు లేదు. కీ తెచ్చినవానిని అది కీ యజమానిగనే గ్రహించినది. బ్యాంకులో బేరరు చెక్కు ఎవడు తెచ్చిన వానికే డబ్బిచ్చునట్లు ఇది. ఇంజనీర్లు కూడ ఇట్టి కీలను బేరరు టోకెన్లు అనియే పిలుచుచున్నారు. 2012లో వెలువడిన ఒక ఇంటర్నెట్టు ప్రమాణములో ఆ పేరు స్థిరపడినది.

పిల్లలు పాత కీని రద్దుచేసి క్రొత్తదానిని తీసికొనిరి. పని పది నిమిషములలో ముగిసినది. రద్దు చేయగలుగుట కీకి గల గొప్ప సుగుణము. దీనిని తల్లిదండ్రులు మనస్సులో నుంచుకొనవలెను.

కీని ఎచట నుంచవలెను?

చిరునామాలో చేర్చిన కీ త్రోవలో కనబడునా యని ఒక విద్యార్థి అడిగెను. నేడు విన్నపములు హెచ్‌టీటీపీఎస్ అను మూసిన కవరులో పోవుచున్నవి. త్రోవలోని వారికి ఏ సర్వరునకు పోవుచున్నదో తెలియవచ్చును గాని, చిరునామాలోని తక్కిన భాగమును, అందలి కీయును తెలియవు. అయితే కవరు రెండు కొసలయందును విప్పబడును. అచటి యంత్రములు తమకు వచ్చిన చిరునామాలను దినచర్యవలె వ్రాసి యుంచుకొనుట కలదు. బ్రౌజరు కూడ తాను చూచిన చిరునామాలను జ్ఞాపకముంచుకొనును. ఆ పుస్తకములు చదువు వారందఱికిని కీ తెలిసిపోవును. కావున అనేక సంస్థలు కీని చిరునామాలో గాక, విన్నపపు శీర్షికలో, ఆథరైజేషన్ అను పంక్తిలో ఉంచుమనుచున్నవి. ఇది మేలైన పద్ధతి.

అంతకంటె ముఖ్యమైనది కీని ప్రోగ్రాములోపల వ్రాయకుండుట. ప్రోగ్రాము పదుగురికి చూపునది. కీ ఎవ్వరికిని చూపరానిది. రెంటిని ఒకే కాగితముమీద వ్రాసినచో ఎప్పుడో ఒకప్పుడు మా చార్టువలెనే జరుగును. కీని వేఱు ఫైలులో నుంచి, ప్రోగ్రాము నడచునపుడు అందుండి తీసికొనునట్లు చేయవలెను. ఇది పిల్లలకే గాక పెద్దలకును తప్పిన పాఠమే. 2016లో ఊబర్ సంస్థవారు తమ ప్రోగ్రాములను దాచుకొను గిట్‌హబ్ స్థలములోనికి దొంగలు ప్రవేశించి, అందు వ్రాయబడియున్న ఒక కీని గ్రహించిరి. దానితో సుమారు 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరములు వారి చేతికి పోయెను. ఈ విషయమును ఆ సంస్థ మఱుసటి సంవత్సరము నవంబరులో గాని లోకమునకు తెలుపలేదు.

ముద్ర వేయు విధము

కీని పంపినచో అది పోవుననుట నిజమే. పంపకుండ మన హక్కును ఋజువు చేయుటెట్లు? దీనిని మేము తరగతిలో ఒక చిన్న లెక్కతో చెప్పితిమి. ఇచటను అదియే చెప్పుదుము.

రీలరునకును మార్కెట్టునకును మాత్రమే తెలిసిన రహస్యసంఖ్య 37 అనుకొందము. రీలరు 18వ లాటునకు 420 రూపాయలు పాడదలచెను. లాటు సంఖ్యను రహస్యసంఖ్యచే హెచ్చింపవలెను: 666. దానికి ధరను కూడవలెను: 1,086. మరల రహస్యసంఖ్యచే హెచ్చింపవలెను: 40,182. దీనిని 97చే భాగింపగా శేషము 24. ఈ 24 ముద్ర. రీలరు పంపునది లాటు 18, ధర 420, ముద్ర 24 అను మూడు సంఖ్యలే. 37 ఎచటికిని కదలలేదు. మార్కెట్టు యంత్రము తనయొద్ద నున్న 37తో అదే లెక్కను చేసి, శేషము 24 వచ్చెనా యని చూచుకొనును.

నడుమ నొకడు ధరను 320గా దిద్దెననుకొందము. మార్కెట్టు లెక్క చేయగా 36,482 వచ్చును. 97చే భాగింపగా శేషము 10. వచ్చిన ముద్ర 24. రెండును కలియవు, విన్నపము తిరస్కరింపబడును. కీని చూపు పద్ధతిలో ఈ రక్షణ లేదు. అచట కీ వచ్చినవాని పేరు చెప్పును గాని, వాని మాట మార్పు చెందలేదని చెప్పజాలదు. ముద్ర రెండును చెప్పును.

ఈ లెక్కను చెప్పి మేము కొంత గర్వముతో కూర్చుండగా, ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మఱునాడు నోటుపుస్తకముతో వచ్చెను. 1 మొదలుకొని 96 వఱకు గల సంఖ్యలన్నిటితో ఆమె లెక్క చేసినది. 18, 420లకు 24 ముద్ర వచ్చు సంఖ్యలు రెండే, 37ను 69ను, అని చూపినది. అంతటితో ఆగక, ఇంకొక విన్నపము చూపినచో ఆ రెంటిలో ఏదో చెప్పుదునన్నది. లాటు 25, ధర 510, ముద్ర 36 అని యిచ్చితిమి. 69తో చేయగా 82 వచ్చినది, 37తో చేయగా 36 వచ్చినది. మా రహస్యము రెండు విన్నపములలో బయటపడినది. ఉపాధ్యాయునకు ఇంతకంటె సంతోషకరమైన ఓటమి యుండదు.

ఆమె చేసిన పనిని కంప్యూటరు లిప్తలో చేయును. కావున నిజమైన ముద్రలకు 97 చాలదు. 1996లో మిహిర్ బెల్లారె, రాన్ కానెట్టి, హ్యూగో క్రావ్‌చిక్ అను మువ్వురు హెచ్‌మ్యాక్ అను పద్ధతిని ప్రకటించిరి. 1997లో అది ఇంటర్నెట్టు సాంకేతికపత్రముగా వెలువడినది. అందు రహస్యమును విన్నపముతో కలిపి హ్యాష్ అను యంత్రములో రెండుమార్లు త్రిప్పుదురు. ఎస్‌హెచ్‌ఏ-256 అను హ్యాష్‌తో వచ్చు ముద్ర 256 బిట్లు, అనగా పదునాఱు గుర్తుల లెక్కలో 64 గుర్తులు. మా బాలిక 96 సంఖ్యలను ప్రయత్నించినది. ఇచట ప్రయత్నింపవలసినవి 2ను 256 మార్లు హెచ్చించినన్ని. భూమిమీది కంప్యూటర్లన్నియు కలిసినను ఆ వరుస ముగియదు. విన్నపములో ఒక్క అక్షరము మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. దగ్గఱకు వచ్చితిమను జాడ కూడ దొరకదు.

ఈ పద్ధతిని విస్తారముగా వాడుకలోనికి తెచ్చినవారిలో అమెజాన్ సంస్థ యొకటి. 2006 మార్చిలో వారు ఎస్3 అను నిల్వసేవను ప్రారంభించినపుడు ప్రతి వాడుకరికిని రెండు వస్తువుల నిచ్చిరి. ఒకటి యాక్సెస్ కీ ఐడీ. ఇది పేరువంటిది, విన్నపములో బాహాటముగా పోవును. రెండవది సీక్రెట్ కీ. ఇది ముద్ర వేయుటకే గాని పంపుటకు కాదు. పేరును చూచి సర్వరు తనయొద్దనున్న రహస్యమును వెదకి ముద్రను సరిచూచుకొనును. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదులో తన సర్వర్ల కేంద్రమును తెఱచినది. హైదరాబాదునకు పంపు విన్నపపు ముద్రను ముంబయికి పంపిన చెల్లదు. ఏలయన నేడు వాడుకలోనున్న వారి పద్ధతిలో మూలరహస్యముతో నేరుగా ముద్ర వేయరు. మొదట నాటి తేదితోను, పిమ్మట కేంద్రపు పేరుతోను, సేవ పేరుతోను, చివర ఒక నియతమైన పదముతోను వరుసగా నాలుగుమార్లు హెచ్‌మ్యాక్ చేసి ఒక పిల్ల కీని పుట్టింతురు. ముద్ర వేయునది ఆ పిల్ల కీ. అది దొంగచేత పడినను వేఱొక కేంద్రమున, వేఱొక సేవకు పనికిరాదు.

తేది యెందుకని పిల్లలడుగుదురు. రీలరు నేడు పంపిన విన్నపమును ఒకడు ముద్రతోకూడ నకలు తీసి, రేపు మరల పంపెననుకొనుడు. అక్షరము మారలేదు, ముద్ర సరియైనదే. కాని రీలరు రెండవసారి పాడలేదు గదా! అందుచేత విన్నపములో కాలమును వ్రాసి, దానిమీదను ముద్ర వేయుదురు. ఎస్3 సర్వరు తన గడియారమునకును విన్నపములోని కాలమునకును 15 నిమిషములకంటె ఎక్కువ భేదమున్నచో తిరస్కరించును. దీనివలన ఒక వింత యిబ్బంది కలదు. పాత కంప్యూటర్లలోపలి చిన్న బ్యాటరీ చచ్చిన, కరెంటు పోయి వచ్చినపుడు దాని గడియారము ఎన్నో యేండ్లు వెనుకకు పోవును. మన ఊళ్ళలో కరెంటు పోవుట క్రొత్తగాదు. అప్పుడు రహస్యము సరియైనదే, లెక్క సరియైనదే, ఐనను ప్రతి విన్నపమును తిరిగివచ్చును. కీని మార్చుటకు ముందు గడియారమును చూడవలెను.

ఊరి పేరు సంగతి యిచటనే మరల వచ్చినది. ఇరుపక్షములును ఒకే అక్షరముల వరుసమీద లెక్క చేసిననే ముద్రలు కలియును. శిడ్లఘట్ట యని ఒకరు, సిడ్లఘట్ట యని ఒకరు వ్రాసికొన్నచో మనుష్యులకు ఊరొకటే. ముద్రలు మాత్రము రెండు. అంతేకాదు, తెలుగక్షరములను చిరునామాలో చేర్చునపుడు బైట్లుగా విడదీయవలెను. శిడ్లఘట్ట అను మాటలో గుణింతపు గుర్తును, పొల్లును వేఱువేఱుగా లెక్కింపగా తొమ్మిది యూనికోడ్ గుర్తులు గలవు. ఒక్కొక్కటి మూడేసి బైట్లు, మొత్తము 27. ప్రతి బైటును శాతపు గుర్తుతోను రెండు అంకెలతోను వ్రాయగా మన చిన్న ఊరి పేరు 81 గుర్తులగును! ఆ గుర్తులలో వచ్చు ఆంగ్లాక్షరములు పెద్దబడిలో నుండవలెనని అమెజాన్ నియమము. చిన్నబడిలో వ్రాసి ముద్ర వేసిన చెల్లదు. ఇట్లు వరుస, ఖాళీలు, అక్షరరూపము అన్నిటిని ముందుగా ఒక్క తీరునకు తెచ్చిన తరువాతనే ముద్ర వేయుదురు. ముద్ర పద్ధతిలో క్రొత్తవారు పడు పాట్లలో అధికభాగము ఈ మెట్టుననే.

ముద్ర యెంత గొప్పదైనను ఒక పని చేయజాలదు. త్రోవలో దొంగిలింపకుండ కాపాడును గాని, ఇంటిలో దొంగిలింపకుండ కాపాడదు. సీక్రెట్ కీనే చార్టుమీద వ్రాసి తగిలించినచో ముద్ర వేయు హక్కు చూచినవారందఱిదియు నగును. ఊబర్ సంస్థ పోగొట్టుకొన్నది ఇట్టి అమెజాన్ కీనే.

రేషను దుకాణపు యంత్రము

ఇక తల్లిదండ్రుల మాట. రేషను దుకాణములో వ్రేలు మోపినపుడు పోవు విన్నపములో రెండు ప్రశ్నలిమిడియున్నవి. వ్రేలు మోపినవారు ఎవరు అనునది మొదటిది. ఈ ప్రశ్నను అడుగుచున్న సంస్థ యేది, దానికి అడుగుహక్కు కలదా అనునది రెండవది. మనము మొదటిదానినే యోచింతుము. రెండవది మన కంటబడదు. ఆధార్ సంస్థ నియమములలో అడుగు సంస్థకు లైసెన్సు కీ నియ్యవలెననియు, విన్నపముమీద డిజిటల్ సంతకము ఉండవలెననియు కలదు. వ్రేలిముద్ర వివరములను మూసి, వాటిమీద హెచ్‌మ్యాక్ కూడ వేయుదురు. సరిచూచుటకు మాత్రమే పంపిన విన్నపమునకు వచ్చు జవాబు ఔను, కాదు అను రెంటిలో ఒకటి.

ఈ రెండవ ప్రశ్న యెంత ముఖ్యమో మన బెంగళూరులోనే ఒక వ్యవహారము తెలిపినది. 2017 ఆగస్టులో బెంగళూరు పోలీసులు ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుని నిర్బంధించిరి. ప్రభుత్వపు ఈ-హాస్పిటల్ వ్యవస్థకు ఆధార్ వివరములు అడుగు అనుమతి యుండగా, ఆయన చేసిన యాప్ అనుమతి లేకయే ఆ వ్యవస్థ ద్వారమున తన విన్నపములను పంపెనని అభియోగము. అనుమతి ఒకరిది, అడిగినవారు మఱియొకరు. ఎఱ్ఱసిరాతో వ్రాసిన మా వానసూచన కీ విషయమున జరిగినదియు ఇదియే. భేదమేమనగా అచట ప్రశ్న వానను గూర్చినది గాక మనుష్యులను గూర్చినది.

పిల్లల కీ పోయినపుడు పది నిమిషములలో క్రొత్తది వచ్చినది. బొటనవ్రేలిని రద్దు చేసి క్రొత్తదానిని తెచ్చుకొనలేము. కావున ఎచట మోపుచున్నామో, ఎందుకు మోపుచున్నామో అడుగుట అవమానము కాదు. వాడనపుడు వ్రేలిముద్రలకు బీగము వేయు సదుపాయమును ఆధార్ సంస్థ యిచ్చుచున్నది. మరల కావలసినపుడు తెఱచుకొనవచ్చును. ఫోనునకు వచ్చు ఓటీపీ అను సంఖ్యయు కొన్ని నిమిషములు మాత్రమే బ్రతుకు కీయే. ఫోనుచేసి దానిని చెప్పుమనువాడు బ్యాంకువాడైనను, మీ బంధువునని చెప్పినను, అడుగుచున్నది మీ బీగపుచెవినే. తెలుగు చదువరాని అవ్వలకు ఈ మాటను మనుమలు ఇంటిలో చెప్పవలెను.

విద్యార్థులకు అభ్యాసము: పైన చెప్పిన లెక్క ప్రకారము లాటు 31, ధర 465, ముద్ర 43. వేఱొక విన్నపమున లాటు 12, ధర 390, ముద్ర 57. రెండు ముద్రలును వేసిన రహస్యసంఖ్య యొకటే. అది 97 కంటె తక్కువ. మొదటి విన్నపమును బట్టి రెండు సంఖ్యలు తేలును. వాటిలో ఏది సరియైనదో కనుగొని, లెక్కతో సహా వ్రాసి మాకు చూపవలెను.